నొప్పి తగ్గించే మాత్రలు, ముప్పు తప్పించే మాత్రలు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి పేరు వేయవద్దంటూ ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. సారాంశం:

"నా వయసు 57. కిరాణా కొట్టు నడుపుతాను. ఇల్లు కొట్టు పైన రెండో అంతస్తు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఏడు నెలల క్రితం పొద్దున నడకలో 300 మీటర్లు దాటేసరికి ఛాతీ నడుమ రాయి పెట్టినట్టు బరువు, ఎడమ దవడలోకి లాగుడు మొదలయ్యాయి. ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. గ్యాసనుకుని నెల రోజులు సోడాలు తాగాను. తర్వాత టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) పాజిటివ్ వచ్చింది, యాంజియోగ్రామ్ చేశారు. కుడి రక్తనాళంలో 80 శాతం, ఎడమ పక్క ముందు నాళంలో 40 శాతం బ్లాకులు. ఎడమ ప్రధాన నాళం బాగుంది, గుండె పంపింగ్ 60 శాతం. మందులు వాడి చూద్దాం, అవసరమైతే స్టెంట్ వేద్దాం అన్నారు డాక్టర్ గారు. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75, అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) 40, మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ 25, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20 పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి, నొప్పి వస్తే నాలుక కింద సార్బిట్రేట్ 5. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ పూటకు 1000.

అటోర్వా వల్ల పిక్కలు లాగుతున్నాయి, పైగా నొప్పిలో దానివల్ల తేడా ఏమీ కనబడలేదు. ఫోన్‌లో ఒక వీడియో చూశాక రెండు నెలలుగా మానేశాను. అంతకుముందు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 132 నుంచి 84కి వచ్చింది. మెటోప్రొలాల్ వేసుకుంటే నీరసం. షీటు అయిపోతే నాలుగైదు రోజులు తెప్పించుకోను. ఆ రోజుల్లోనే నొప్పి ఎక్కువైనట్టుంది. సార్బిట్రేట్ అలవాటైతే పనిచేయదని ఓర్చుకుంటాను, వేసుకుంటే తలనొప్పి. మొన్న బీపీ 146/88, నాడి 78. సిగరెట్లు పది నుంచి నాలుగుకి తగ్గించాను. డల్లాస్‌లో ఉన్న పెద్దబ్బాయి వెంటనే స్టెంట్ వేయించుకోమంటున్నాడు. బావమరిది కషాయంతో బ్లాకులు కరుగుతాయంటున్నాడు. ఇంకొకటి, ఎవరికీ చెప్పలేదు. దాంపత్యంలో ఇబ్బందిగా ఉందని మందుల షాపులో అడిగి సిల్డెనాఫిల్ 50 వేసుకున్నాను. కళ్లు తిరిగి మంచం మీద పడ్డాను. చివరిగా, మా ఆవిడ మొక్కు ఉంది, తిరుమల మెట్లెక్కవచ్చా?"

*

మీరు ఎవరికీ చెప్పని విషయంతోనే మొదలుపెడదాం, ఈ ఉత్తరం మొత్తంలో వెంటనే ప్రాణం మీదికి తెచ్చేది అదే. మోనోనైట్రేట్ గానీ, సార్బిట్రేట్ గానీ నైట్రేటు రకం మాత్రలే, అవి రక్తనాళాలను వదులు చేస్తాయి. సిల్డెనాఫిల్ అదే పనిని ఇంకో దారిలో చేస్తుంది. రెండూ కలిస్తే బీపీ ఉన్నట్టుండి పాతాళానికి దిగిపోతుంది. మీకు కళ్లు తిరగడంతో సరిపోయింది. కొందరికి అక్కడితో ఆగదు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల దాకా, దాని కోవకే చెందిన టడాలఫిల్ అయితే 48 గంటల దాకా నైట్రేటు మాత్ర ఏదీ ఒంట్లో పడకూడదు. మీరు నైట్రేటు రోజూ వేసుకుంటున్నారు కాబట్టి సిల్డెనాఫిల్ మీకు ఇప్పుడు పూర్తిగా నిషిద్ధం. నికోరాండిల్ అనే ఇంకో గుండె మాత్ర వాడేవాళ్లకూ ఇదే నిషేధం వర్తిస్తుంది.

అంటే దారి మూసుకుపోయిందని కాదు. దారి ఉంది, కింద చెబుతాను. దానికి ముందు మీ మందుల చీటీని రెండుగా చీల్చి చూడాలి.

మీరు ప్రతి మాత్రనూ ఒకే తక్కెడలో తూస్తున్నారు: "నొప్పి తగ్గిందా?" ఆ తక్కెడలో అటోర్వాస్టాటిన్ తేలిపోతుంది, ఎకోస్ప్రిన్ కూడా తేలిపోతుంది, నైట్రేటు మాత్రం బరువుగా తూగుతుంది. కానీ మీ నొప్పికీ మీ ముప్పుకీ కారణాలు వేరు. నడిచేటప్పుడు వచ్చే బరువుకు కారణం కుడి నాళంలోని 80 శాతం ఇరుకు. గుండె వేగం పెరిగినప్పుడు దానికి కావలసినంత రక్తం ఆ సందులోంచి వెళ్లదు. గుండెపోటు వచ్చే తీరు వేరు. నాళం గోడలో పేరుకున్న కొవ్వు గడ్డ పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. మీరు లెక్కలోకి తీసుకోని ఆ 40 శాతం గడ్డ కూడా అలా చిట్లవచ్చు. నొప్పి ఎన్నడూ ఇవ్వని చోటు నుంచే పోటు రావడం గుండె వార్డుల్లో మామూలు సంగతి.

మోనోనైట్రేట్ ఆ చిట్లడాన్ని ఆపలేదు. ఆపే ప్రయత్నం చేసేవి రెండు: స్టాటిన్, అంటే మీ అటోర్వా, ఆ పైపొరను గట్టిపరుస్తుంది, ఎకోస్ప్రిన్ చిట్లినచోట గడ్డకట్టడాన్ని అడ్డుకుంటుంది. వాటి పని కంటికి కనబడదు. ఈ రెండు నెలలూ మీరు నొప్పి మాత్ర వేసుకుని, ప్రాణం కాపాడే మాత్ర పక్కన పెట్టారు.

ఇప్పుడు పిక్కల నొప్పి సంగతి. దాన్ని భ్రమ అని కొట్టేయను. స్టాటిన్ల వల్ల కండరాల నొప్పి కొందరికి నిజంగా వస్తుంది. అయితే 2020లో ఇంగ్లండ్‌లో ఒక పరీక్ష చేశారు. దుష్ప్రభావాలతో స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా ఇచ్చి, రోజూ బాధ ఎంతుందో రాయించారు. స్టాటిన్ వేసుకున్నప్పుడు పడిన బాధలో పదింట తొమ్మిది వంతులు ఉత్తుత్తి మాత్రతోనూ పడ్డారు. మీరు మానేసి రెండు నెలలైంది కదా, లాగుడు పోయిందా? ఉత్తరంలో ఆ మాట లేదు. పోకపోతే నేరం మాత్రది కాదు. థైరాయిడ్, విటమిన్ డి, షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు, పొగ తాగేవాళ్లకు కాళ్ల నాళాల్లో వచ్చే ఇరుకు, ఇవన్నీ చూడాలి. ముఖ్యంగా నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే వదిలేస్తుంటే అది కాలికి వచ్చిన యాంజైనా (శ్రమపడితే వచ్చే మీ ఛాతీ నొప్పి) లాంటిదే. డాక్టర్ గారికి తప్పక చెప్పండి.

పోయి ఉంటే మూడు దారులు. సీకే అనే రక్తపరీక్ష చేయించి, మామూలుగా ఉంటే అటోర్వా 40 మళ్లీ మొదలుపెట్టి ఆరు వారాలు చూడడం ఒకటి. అటోర్వా మాని రోసువాస్టాటిన్ 5 లేదా 10తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం రెండోది. చాలామందికి ఒకటి పడకపోయినా ఇంకొకటి పడుతుంది. మూడోది, పడినంత మోతాదు స్టాటిన్‌కి ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర 10 జోడించడం. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో ఆరు శాతమే తగ్గుతుంది. ఎజెటిమైబ్ కలిపితే ఇంకో ఇరవై శాతం దాకా తగ్గుతుంది, కండరాల గొడవ తక్కువ. మీకు చేరవలసిన అంకె 70 లోపు, వీలైతే 55 లోపు. అటోర్వా 40 సక్రమంగా వేసుకుంటే 132 దాదాపు సగానికి దిగాలి. 84 దగ్గరే ఆగిందంటే అప్పటికే మధ్యమధ్యలో మాత్రలు ఎగ్గొడుతున్నారేమో గుర్తు చేసుకోండి. మూత్రం ముదురు గోధుమరంగులో పోయినా, కండరాల్లో తీవ్రమైన నీరసం వచ్చినా మాత్రం ఆపి అదే రోజు చూపించుకోవాలి. అది అరుదు.

ఇక నొప్పి మాత్రలు. వెంటనే స్టెంట్ వేయించుకోమని మీ అబ్బాయి అంటున్నాడు. నేననేది, మీరు మందులను ఇంకా సరిగా వాడి చూడలేదని.

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గించి, ఆ ఇరుకు సందులోంచి వచ్చే రక్తంతోనే సరిపెట్టుకునేలా చేస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు నాడి 55 నుంచి 60 మధ్య ఉంటే మోతాదు సరిపోయినట్టు. మీది 78. ఎక్స్ఎల్ 25 అనేది మొదటి మెట్టు, 50కి, అవసరమైతే 100కి డాక్టర్ గారు పెంచవచ్చు. షీటు అయిపోయిందని ఉన్నట్టుండి మానేయడం మాత్రం చాలా ప్రమాదం. ఇన్నాళ్లూ బిగబట్టిన గుండె వేగం ఒక్కసారి తన్నుకొస్తుంది, యాంజైనా ముదురుతుంది, పోటు కూడా రావచ్చు. ఆ నాలుగైదు రోజుల్లోనే నొప్పి పెరిగిందని మీరే రాశారు. కొట్లో పప్పులు నిండుకోకముందే సరుకు తెప్పించరా? అలాగే షీటులో పది మాత్రలు మిగిలుండగానే కొత్తది కొనండి. మానాలంటే వారం రెండు వారాల్లో కొద్దికొద్దిగా, డాక్టర్ గారు చెప్పినట్టే. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త: షుగర్ పడిపోతే వచ్చే గుండెదడను ఈ మాత్ర కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమటలు పోస్తే షుగర్ చూసుకోండి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి.

నీరసం భరించలేకపోతే బిసొప్రొలాల్ లేదా నెబివొలాల్‌కి మార్చమని అడగవచ్చు. దాంపత్యపు ఇబ్బంది నెబివొలాల్‌తో తక్కువని చెబుతారు.

నైట్రేటు విషయంలో తప్పు మీది కాదు, వేళలది. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అంటే ఒంట్లో ఇరవైనాలుగు గంటలూ మందు ఉంటుంది. కొన్నాళ్లకు నాళాలు దానికి అలవాటుపడి స్పందించడం మానేస్తాయి. పూర్వం డైనమైట్ ఫ్యాక్టరీల్లో నైట్రోగ్లిసరిన్ కలిపే కూలీలకు సోమవారం పొద్దున తలలు పగిలిపోయేవట. వారం గడిచేకొద్దీ నొప్పి పోయేది, ఆదివారం సెలవు తీసుకుంటే మళ్లీ సోమవారం మొదలు. అలవాటు పడడం, అలవాటు వదలడం రెండూ అందులో కనిపిస్తాయి. కాబట్టి రోజుకు పది పన్నెండు గంటలైనా ఒంటిని మందు లేకుండా వదిలేయాలి. మోనోనైట్రేట్ 20 అయితే పొద్దున ఎనిమిదికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి. రాత్రి వద్దు. లేదా రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే రకం పొద్దున ఒక్కటే. వేళలు మార్చుకుంటానని మీ డాక్టర్ గారికి ఒక్క ఫోన్ చేసి చెప్పండి, కాదనే అవకాశం తక్కువ.

నాలుక కింది సార్బిట్రేట్‌కి ఈ అలవాటు గొడవ వర్తించదు. అప్పుడప్పుడు వాడేది పనిచేయకుండా పోదు. నొప్పిని ఓర్చుకోవడం వల్ల లాభం సున్నా. కూర్చుని వేసుకోండి, నిలబడి వేసుకుంటే కళ్లు తిరిగి పడతారు. నాలుక కింద కరగనివ్వాలి, మింగితే వెంటనే పనిచేయదు. నోరు ఆరిపోయి ఉంటే ముందు గుక్కెడు నీళ్లు తాగండి. 5 నిమిషాలకు తగ్గకపోతే రెండోది పెట్టుకుంటూనే 108కి ఫోన్ చేయించండి. అంబులెన్స్ వచ్చేలోగా, ఆస్పిరిన్ పడనివారు కాకపోతే, ఎకోస్ప్రిన్ 75 నాలుగు నమిలి మింగాలి. నొప్పి తగ్గిపోతే నాలుక కింద మిగిలిన సార్బిట్రేట్ ఉమ్మేయవచ్చు, తలనొప్పీ తగ్గుతుంది. తలనొప్పికి పారాసిటమాల్ చాలు. మోకాళ్లకని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కోకండి. అవి గుండెకు చేటు, పైగా ఐబుప్రోఫెన్ ఎకోస్ప్రిన్ పనిని చెడగొడుతుంది.

చాలామందికి తెలియని ఉపయోగం ఒకటుంది. నొప్పి వచ్చాకే కాదు, వస్తుందని తెలిసిన పనికి ఐదు పది నిమిషాల ముందు కూడా సార్బిట్రేట్ పెట్టుకోవచ్చు. రెండంతస్తులు ఎక్కేముందు, చల్లటి తెల్లవారుజామున బయటకు వెళ్లేముందు పనికొస్తుంది. ఒక హెచ్చరిక: నైట్రోకాంటిన్ 2.6 అనేది నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, మింగాల్సింది. దాన్ని నాలుక కింద పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఇందాక చెప్పిన దారి. మీ బీపీ 146/88. ఉండాల్సింది 130/80 లోపు. ఆమ్లోడిపిన్ 5 జోడిస్తే బీపీ, యాంజైనా రెండూ తగ్గుతాయి, మెటోప్రొలాల్‌తో చక్కగా కలుస్తుంది. కొందరికి పాదాలు వాస్తాయి, అంతే. మెటోప్రొలాల్ పెంచి ఆమ్లోడిపిన్ కలిపాక మోనోనైట్రేట్ అవసరమే పడకపోవచ్చు. అప్పుడు సిల్డెనాఫిల్ గురించి గుండె డాక్టర్ గారిని ధైర్యంగా అడగవచ్చు. ఆయనకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆయాసం, నొప్పి లేకుండా రెండంతస్తులు చకచకా ఎక్కగలిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. అప్పుడు కూడా మాత్ర వేసుకున్న రోజున ఛాతీ నొప్పి వస్తే సార్బిట్రేట్ ముట్టుకోకుండా 108కి చేయాలి, ఏం వేసుకున్నారో సిగ్గుపడకుండా చెప్పాలి. ఈ ఇబ్బందికి షుగర్, పొగ అసలు కారణాలు అయ్యుండొచ్చు, మెటోప్రొలాల్ మీదే నెట్టేయకండి. ఆమ్లోడిపిన్ బదులు ఎవరైనా డిల్టియాజెమ్ రాస్తే, మెటోప్రొలాల్ వాడుతున్నట్టు తప్పక గుర్తుచేయండి. ఆ రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదించి హార్ట్ బ్లాక్ (గుండెలోని విద్యుత్ సంకేతాలు ఆగిపోవడం) రావచ్చు.

ఇవన్నీ సరిచేశాక కూడా నొప్పి ఉంటే రానొలజిన్ అనే యాంజైనా మాత్ర ఉంది, బీపీని, నాడిని పెద్దగా మార్చదు. కానీ దాని మోతాదు పూటకు 1000కి చేరితే మెట్‌ఫార్మిన్ రోజుకు 1700 మించకూడదు. మీరు వేసుకునేది 2000. ఈ లెక్క షుగర్ డాక్టర్, గుండె డాక్టర్ వేరువేరుగా ఉన్నప్పుడు జారిపోతుంటుంది, కాబట్టి మీరే ఇద్దరికీ రెండు చీటీలూ చూపించండి. ట్రైమెటాజిడిన్ అనే ఇంకో యాంజైనా మాత్ర వాడేవాళ్లు చేతులు వణికితే, నికోరాండిల్ వాడేవాళ్లు నోట్లో మానని పుళ్లు వస్తే ఆ మాత్రను అనుమానించాలి.

స్టెంట్ విషయంలో మీ అబ్బాయి భయం సహజం. దూరాన ఉన్నవాడికి 80 శాతం అన్న అంకె నిద్రపట్టనివ్వదు. అతనికి ఈ పేరా పంపండి. ఎడమ ప్రధాన నాళం బాగుండి, పంపింగ్ మరీ తగ్గని స్థిరమైన గుండె నాళాల జబ్బు రోగులు 5,179 మందితో చేసిన ఇస్కీమియా అనే అధ్యయనం 2020లో వెలువడింది. సగం మందికి మందులతో పాటు మొదటే యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ లేదా బైపాస్ వైపు పంపారు, సగం మందికి మందులతోనే మొదలుపెట్టారు. మూడేళ్లకు పైగా చూస్తే చావుల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2007లో 2,287 మందితో చేసిన కరేజ్ అధ్యయనంలోనూ అంతే. తేడా నొప్పిలో వచ్చింది. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు స్టెంట్ తర్వాత బాగా తెరిపి దొరికింది.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి, రెండూ తప్పు కాదు. మందులు పైన చెప్పినట్టు సరిచేసి ఆరు నుంచి పన్నెండు వారాలు చూడడం ఒకటి. దీనికి మీ వైపు నుంచి మాత్రలు ఎగ్గొట్టని క్రమశిక్షణ కావాలి, రెండు మూడుసార్లు డాక్టర్ దగ్గరికి తిరగాలి. అప్పటికీ కొట్టు నుంచి ఇంటికి ఎక్కలేకపోతుంటే అప్పుడు స్టెంట్. ఇప్పుడే స్టెంట్ వేయించుకోవడం రెండోది. నొప్పి త్వరగా పోతుంది, కానీ ఎకోస్ప్రిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ సాధారణంగా ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా వాడాలి, లేకపోతే స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు. స్టాటిన్ అప్పుడూ జీవితాంతమే. షీటు అయిపోతే నాలుగైదు రోజులు ఊరుకునే అలవాటున్న మనిషికి ఏది క్షేమమో మీరే ఆలోచించండి. నాకైతే మొదటి దారే మీకు తగినదనిపిస్తోంది. కూర్చున్నప్పుడు లేదా నిద్రలో నొప్పి వస్తే, 300 మీటర్లు కాస్తా వందకు పడిపోతే, నొప్పి పదిహేను ఇరవై నిమిషాలు నిలిచిపోతే మాత్రం ఈ చర్చంతా రద్దు. అది స్థిరమైన యాంజైనా కాదు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం.

కషాయం బ్లాకుల్ని కరిగించదు. దానికోసం మాత్రలు మానకపోతే చాలు, బావమరిదితో తగువు అక్కర్లేదు.

సిగరెట్లు నాలుగుకు తగ్గించినందుకు మెచ్చుకుంటాను గానీ, గుండె ఆ లెక్క ఒప్పుకోదు. రోజుకు ఒక్కటి తాగేవాడికి కూడా, ఇరవై తాగేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో సగం దాకా ఉంటుందని లెక్కలు తేల్చాయి. నాలుగు నుంచి సున్నాకి వెళ్లడమే అసలు లాభం. నికోటిన్ గమ్ వాడవచ్చు, సిగరెట్ కన్నా ఎన్నో రెట్లు నయం. నడక మానకండి: మొదటి ఏడెనిమిది నిమిషాలు నింపాదిగా, తర్వాత నొప్పి రాబోయే వేగానికి కాస్త తక్కువగా. భోజనం చేసిన గంటన్నర దాకా వద్దు. పాతిక కిలోల బియ్యం బస్తా ఊపిరి బిగబట్టి ఎత్తే పని కుర్రాడికి వదిలేయండి. ఉప్పు రోజుకు చెంచా లోపు అంటే అందులో ఆవకాయ, అప్పడం కూడా లెక్కే. ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. షుగర్ మందుల్లో గుండెకు మేలు చేసే కొత్త రకాలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, మీకు పనికొస్తాయేమో అడగండి.

తిరుమల మెట్ల గురించి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కువ భాగం నిటారు ఎక్కుడే. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే గానీ ఇంకా నిటారు. 300 మీటర్ల చదును నడకకే నొప్పి వస్తున్నప్పుడు ఏ దారీ వద్దు. గుండెజబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లే చెబుతున్నారు. మొక్కు మీ ఆవిడది కదా, ఆవిడ పిల్లలతో ఎక్కి తీర్చుకుంటారు. మీరు బస్సులో పైకి వెళ్లి ఎదురుచూడండి. క్యూలో గంటలు పట్టవచ్చు కాబట్టి సార్బిట్రేట్ షీటు సంచిలో కాకుండా చొక్కా జేబులోనే పెట్టుకోండి, మధ్యాహ్నం మూడింటి మాత్ర కూడా.